చేసినది, చేయించినది

మక్తల్,
14-2-1964.

చిరంజీవి తమ్ముడు రామచంద్రానికి నర్సింగక్క దీవెనలు.

ఇక్కడ క్షేమం. నువ్వు అడిగిన బొమ్మ రైలింజనుకు ఇత్తడి బాయిలరు పలక, డ్రైవరు గది గోడలు, బొగ్గుపెట్టె పలకలు, మొత్తం పదకొండు ముక్కలు గోనెసంచిలో పెట్టి కుట్టి మహబూబ్‌నగర్ బస్సులో వేశాను. అక్కడి నుంచి దేవరకొండ బస్సుకు అందిస్తానని కండక్టరు మాటిచ్చాడు. ముక్కకూ ముక్కకూ నడుమ వరిగడ్డి ఉంది. విప్పేటప్పుడు కత్తి పెట్టకు. కుట్టు విప్పు.

మీరు ఆసిడు అనే తేజాబు సగం తిన్న గీత మడతకు. పూర్తిగా తిన్న గీత కోతకు. మడిచినప్పుడు గీత లోపలి వైపు ఉండాలి. బయటికి పెడితే రేకు విరుగుతుంది. నీకు తెలుసు. అయినా రాస్తున్నాను, పోయినసారి ఒకటి విరిచావు.

రివిట్ల బొడిపెలు వెనక నుంచి సన్నమొనతో పొడిచాను. గోడకు డెబ్భైరెండు. పక్కింటి మారెమ్మ వచ్చి చూసి, "ఏందే నర్సింగమ్మా, రేకుకు అమ్మవారు పోసిందా?" అన్నది.

పేరు పలక కోసం నువ్వు ఇంగ్లీషులో పంపిన చీటీ అందింది. అందులో ఏముందో నువ్వు రాయలేదు. మన ఇంటి పద్ధతి నీకు తెలుసు. బిందె మీద పేరు కొట్టే ముందు, తెచ్చినవాళ్లు ఆ పేరును మూడుసార్లు చదివి వినిపించాలి. ఆ తర్వాతే ఉలి. ఇత్తడి మీద పడ్డ అక్షరం మళ్లీ చెరగదని బాపు పెట్టిన పద్ధతి. నాకు ఇంగ్లీషు రాదు. ఏముందో చదివి రాయి. నీ మాట మీద కొడతాను.

నిన్ను నౌకరిలో ఎప్పటికీ ఉండేటట్లు కాయం చేస్తే చాలు. రోజూ కాళికమ్మ ముందు దీపం పెట్టి ఆ ఒక్కమాటే అడుగుతున్నాను.

మరదలు శ్యామలమ్మను అడిగానని చెప్పు.

నీ అక్క
నర్సింగమ్మ

*

నందికొండ, పైలాన్ కాలనీ,
26-2-1964.

తల్లివంటి పెద్దక్కకు తమ్ముడు రామచంద్రం శనార్తులు.

సంచి అందింది. పదకొండు ముక్కలూ భద్రం. కుట్టే విప్పాను, కత్తి పెట్టలేదు. ఒక్క మూల కొంచెం వంగితే చెక్కసుత్తితో తట్టి సరిచేశాను.

అక్కా, నీ చేయి చేయే. బాయిలరు పలకను ఇనుపకడ్డీ మీద దొర్లిస్తే రెండు అంచులూ అతికినట్లే వచ్చి కలిశాయి. తగరం కరిగించి టాంకా వేస్తే గీత కూడా కనబడలేదు. డ్రైవరు గది గోడలు మడిచాను, ఒక్కటీ విరగలేదు. ఇంజను ఇప్పుడు మూరెడు పొడవున బల్ల మీద కూర్చుంది. మా మల్హోత్రా సాహెబు కంటికి భూతద్దం పెట్టుకొని ఒక్కో రివిట్టూ లెక్కపెట్టాడు. "కమాల్ హై" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు. మా ఫోర్‌మన్ పర్వతాలు మాత్రం, "రామచంద్రం, గీ బాయిలర్ల పావుశేరు బియ్యం ఉడుకుతయా?" అన్నాడు. వాడి నోరు నీకు తెలియదు.

సాహెబుకు ఇంజన్లంటే పిచ్చి. ఎక్కడో ఉత్తరాన పుట్టాడు, చిన్నప్పుడు రైలు పట్టాల పక్కనే పెరిగాడట. విలాయతు పుస్తకాలు తెప్పించుకుంటాడు. అక్కడి దొరలు ఇట్లాగే ఇత్తడి రేకులు కోసి బొమ్మ ఇంజన్లు కట్టుకుంటారట. ఇది పూర్తయితే ఢిల్లీలో జరిగే ప్రదర్శనకు పంపుతాడు.

ఇక్కడ డ్యాం పని తగ్గుతూ ఉంది. గుత్తేదారు మనుషులను పంపించేస్తున్నాడు. కొత్త పనికి తమతో తీసుకుపోయేది కాయం చేసినవాళ్లనే. ఫిట్టర్లలో ఇద్దరికే జాగా ఉంది. జాబితా రాసేది సాహెబు. నా సంగతి ఇక నీకు వేరే చెప్పనక్కరలేదు.

చీటీలో పెద్ద సంగతేమీ లేదు. రైలు కంపెనీ పేరు, ఇంజను నంబరు, అది తయారైన సంవత్సరం, అన్నీ అక్షరాల్లోనే. అంతే. మూడుసార్లు చదివాననుకో. ఫికర్ లేకుండా కొట్టు.

నీ తమ్ముడు
రామచంద్రం

*

మక్తల్,
9-3-1964.

చిరంజీవి తమ్ముడు రామచంద్రానికి దీవెనలు.

పేరు పలక పంపుతున్నాను. నీ మాట మీద కొట్టాను. అక్షరాల మీద మైనం పూసి, చుట్టుపక్కల తేజాబుతో తినిపించాను. అక్షరాలు పైకి నిలిచాయి. గోరుతో తడిమి చూడు.

రాని లిపి గీయడం కష్టం. ప్రతి అక్షరాన్నీ బొమ్మలాగా చూసి గీశాను. సోమవారం ఒక్కపొద్దు ఉండి గీశాను.

జాబితా సంగతి రాయి.

నర్సింగక్క

*

నందికొండ,
22-3-1964.

అక్కకు రామచంద్రం రాయునది.

పలక అందింది. అందకపోయినా బాగుండేది.

రెండు గుంజలు, వాటి నడుమ ఏటవాలుగా ఒక కట్టె ఉన్న అక్షరం ఉంది చూడు. అది నాలుగుచోట్ల వస్తుంది. మూడుచోట్ల సరిగ్గానే కొట్టావు. నాలుగోచోట కట్టె తిరగబడింది. ఇంగ్లీషులో అట్లాంటి అక్షరమే లేదు.

నేను చూసుకోకుండా సంతోషంగా తీసుకుపోయి సాహెబు చేతిలో పెట్టాను. ఆయన భూతద్దం పెట్టి చూసి పలకను బల్ల మీద విసిరికొట్టాడు. "ఏ చదువురానివాడు చేశాడు దీన్ని?" అని ఉర్దూలో అరిచాడు. వర్క్‌షాపంతా వింది. పర్వతాలు ఊరుకుంటాడా? "ఏం చేద్దాం సాబ్, ఇంజను ముందుకు పోతాంటె అక్షరం ఎనకకు పోతాంది" అన్నాడు. ఒకటే నవ్వులు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నలభై ఏళ్లు ఉలి పట్టినదానివి. కళ్లు కనబడకపోతే కనబడడం లేదని చెప్పాలి. నా నోటి దగ్గరి ముద్ద ఇది. ఒక్క కట్టె ఎటు వాలిందో చూసుకోలేకపోయావా?

పాత పలక ఇందులోనే పంపుతున్నాను. పది రోజుల్లో కొత్తది కావాలి. ఈసారి ఒక్కో అక్షరం చీటీ పక్కన పెట్టి చూసుకో. కంపెనీ పేరే తప్పుపోతే ఢిల్లీలో ఎవరు చూస్తారు?

రామచంద్రం

*

మక్తల్,
4-4-1964.

రామచంద్రానికి,

పలక అందింది. అక్షరం తిరగబడింది నిజమే. తప్పు నాదే.

బాపు పక్కన కూర్చున్న నాటి నుంచి నా చేతిలో ఒక్క పేరు తప్పుపోలేదు. నిజాం కాలంలో ఉర్దూ కొట్టాను. రాయచూరు వాళ్ల బిందెల మీద కన్నడం కొట్టాను. రాని అక్షరం ఎదురైతే నేర్చుకొని కొట్టాను. నాకు చదువు బడిలో రాలేదు, బిందెల మీద నుంచి వచ్చింది. ఈ ఒక్కసారే నేర్చుకోకుండా కొట్టాను. నీ మాట చాలనుకున్నాను.

ఇక నేర్చుకుందామని పలకను కొంగులో చుట్టుకొని, ఇంగ్లీషు వచ్చిన గుర్వయ్య పంతులు ఇంటికి పోయాను. ఈ అక్షరం చూపించమన్నాను. పంతులు పలకను ఎండకు పట్టి చూశాడు.

"అక్షరం సంగతి తర్వాత గాని నర్సింగమ్మా, గీ ఇంజను ఎవరు చేస్తాన్రు?"

"నేను, మా తమ్ముడు."

"మరి గిండ్ల మల్హోత్రా చేసిండని ఉన్నది గద."

"అది రైలు కంపెనీ పేరేమో చూడు పంతులూ. ఇంజను నంబరు ఉండాలె."

"నంబరు లేదు, రైలు లేదు. నమూనా గీసి కట్టినవాడు మల్హోత్రా, ఇంజనీరు. గంతే ఉన్నది."

"మూడుసార్లు చదువు" అన్నాను.

మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ అదే ఉంది. పంతులు నా మొఖం చూసి, "నీళ్లు తాగుతవా అక్కా?" అని అడిగాడు. తాగలేదు.

ఇంటికి వచ్చి ఫిబ్రవరి నెల నీ ఉత్తరం తీశాను. "మూడుసార్లు చదివాననుకో" అని రాశావు. ఆ ముక్కను నేనూ మూడుసార్లు చదివాను.

నేను తిరగేసింది ఒక్క అక్షరం. నువ్వు ఎన్ని తిరగేశావు?

సాహెబు పేరే కొట్టమని అడిగి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. నువ్వు అడగలేదు. నాకు రాని లిపి చూసి, ఒక్కపొద్దు ఉన్న చేత్తో నాకే తెలియకుండా అబద్ధం చేయించావు. ఆ చేత్తోనే దీపం పెట్టాను. ఆ తప్పుకు కళ్లు కనబడవా అని నన్నే అడిగావు.

జవాబు రాయి.

నర్సింగమ్మ

*

నందికొండ,
15-4-1964.

అక్కకు,

అవును. అబద్ధమే రాశాను. నిజం రాస్తే నువ్వు ఉలి కింద పెడతావని తెలుసు. తెలిసే రాశాను.

చీటీ రాసిచ్చింది సాహెబు. "దీనికి తగ్గ పేరు పలక ఉండాలి" అని నా చేతిలో పెట్టాడు. నేను చదివాను. నాకూ కడుపు మండింది. ఆరు నెలలు నా వేళ్లు కాల్చుకున్నది ఆయనా? కానీ ఆయన చేతిలో జాబితా ఉంది. "కాదు సాబ్" అని నువ్వయితే అనేదానివా?

ఒక్కమాట అడుగుతాను, కోపం పక్కన పెట్టి చెప్పు. నువ్వు ఎన్ని వేల బిందెల మీద పేర్లు కొట్టావో. ఒక్కదాని మీదనైనా మన పేరుందా? పెండ్లికి ఇచ్చిన బిందె మీద ఇచ్చినవాడి పేరే ఉంటుంది. కంచరివాడి పేరు ఏ పాత్ర మీద ఉందో చూపించు. బాపు పోయేదాకా ఒక్కచోట పేరు రాసుకోలేదు. అప్పుడు రాని కోపం ఈ బొమ్మ ఇంజను మీదికి ఎందుకు వచ్చింది?

నీకేమక్కా. ఒక్క ప్రాణం. పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక దీపం. నడుమ ధర్మం మాట్లాడడానికి బోలెడంత తీరిక. ఇక్కడికి వచ్చి చూడు. మొన్న నలభైఒక్కమందిని పంపించారు. నా పక్క బల్ల మీద పనిచేసే లింగస్వామి తట్టాబుట్టా నెత్తిన పెట్టుకొని పెండ్లాంతో కొత్తకోట దారి పట్టాడు. పోయేటప్పుడు నా వంక చూసి, "నీకేందన్నా, నీకు ఇంజనున్నది" అన్నాడు. ఆ ఇంజను తప్ప నాకేమీ లేదు.

ఇంకో సంగతి కూడా వినేయి. తర్వాత ఎవరో చెబితే మళ్లీ పంతులు ఇంటికి పోతావు. పలకలు ఎవరు గీస్తారని సాహెబు మొదట్లోనే అడిగాడు. మక్తల్‌లో ఒక ముసలి కంచరాయన ఉన్నాడని చెప్పాను. ఆడమనిషి, అందులో మా అక్క అని చెబితే పర్వతాలు నన్ను బతకనిస్తాడా? "రామచంద్రం అక్క గీసిన గీత దాటడు" అని రోజూ పాడేవాడు.

శ్యామలమ్మ ఈ ఉత్తరం రాయకు అంటూనే ఉంది. రాస్తున్నాను.

పలక పంపు. ఇంగ్లీషులోనే, ఆ అక్షరం సరిచేసి. పంపకపోతే నా నౌకరి పోయిన పాపం నీ దీపానికి తగులుతుంది.

రామచంద్రం

*

మక్తల్,
25-4-1964.

రామచంద్రానికి,

ఉత్తరం అందింది. శ్యామలమ్మ మాట వినవలసింది.

బిందె మీద 'ఇచ్చినది' అని కొట్టాను. గుడి గంట మీద 'చేయించినది' అని కొట్టాను. వాళ్లు ఇచ్చారు, వాళ్లు చేయించారు. అది నిజం. చేయించినవాడిని పట్టుకొని 'చేసినవాడు' అని ఒక్క పాత్ర మీదా కొట్టలేదు. బాపూ కొట్టలేదు. మన పేరు లేకపోవడం వేరు. మన పనికి ఇంకొకరి పేరుండడం వేరు. కంచరి కడుపున పుట్టి, చేసినదానికీ చేయించినదానికీ తేడా నేను నీకు చెప్పాలా?

ముసలి కంచరాయన సంగతి.

నువ్వు పుట్టేదాకా బాపుకు కొడుకు లేడు. అందుకని కొలిమి దగ్గర నన్ను కూర్చోబెట్టాడు. కులపోళ్లు వచ్చి, "ఆడపిల్లకు ఉలి ఇస్తె ఉలి అత్తగారింటికి పోతది" అన్నారు. పోయింది. మీ బావ పోయాక నాతోపాటే తిరిగి వచ్చింది. అప్పటికి బాపు చేతులు వణుకుతున్నాయి. నీకు సుత్తి పట్టడం నేర్పిందెవరు? కొలిమి నిప్పు రంగు చూసి వేడి చెప్పడం ఎవరు నేర్పారు? నీ ఎడమ బొటనవేలి మీద మచ్చ ఉంది. నేను చూస్తుండగానే నీ సుత్తి తగిలింది. నెత్తురు తుడిచి పసుపు పెట్టింది ఆ ముసలాయనా?

నా పేరు చెప్పకపోతే ఓర్చుకునేదాన్ని. నన్ను మగవాడిని చేశావు.

కొత్త పలక పంపుతున్నాను. తెలుగులో కొట్టాను, నేను చదవగల లిపిలో. మూడు వరుసలు.

చేయించినది మల్హోత్రా సాహెబు.
పలకలు చేసినది మక్తల్ నర్సింగమ్మ.
కూర్చినది రామచంద్రం.

సాహెబు పేరే పైన పెట్టాను. ఆయనకు చెందవలసిన గౌరవంలో వీసం తగ్గించలేదు. మూడుసార్లు చదివి కొట్టాను. పెడితే ఇది పెట్టు. లేదంటే నా పలకలన్నీ విప్పి అదే సంచిలో పంపు.

ఇంకో పలక చేయను.

నర్సింగమ్మ

*

నందికొండ,
12-5-1964.

పెద్దక్కకు రామచంద్రం శనార్తులు.

అక్కా, కోపం దించు. పని అయింది. నీ మాటా నెగ్గింది, నా పనీ అయింది. ఎట్లాగో చెబుతాను.

నీ పలక చూసి మూడు రోజులు నిద్ర లేదు. దాన్ని పెడితే సాహెబుతో చెడుతుంది, పెట్టకపోతే నీతో చెడుతుంది. ఆఖరుకు తెగించి ఇంజను పక్కన బిగించాను. డ్రైవరు గది కిందుగా, నాలుగు చిన్న మరలతో. చూడడానికి ఎంత అందంగా ఉందో. నీ అక్షరాలు ముత్యాలు. ఆ మాట అబద్ధం కాదు.

సాహెబు వచ్చాడు. భూతద్దం పెట్టాడు. "ఇంగ్లీషు ఏమైంది?" అన్నాడు. ఢిల్లీలో దేశీలిపి ఉంటే గొప్పగా చూస్తారు సాబ్ అన్నాను. ఆలోచించి తల ఊపాడు. "ఏం రాసింది?" అని అడిగాడు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదని అప్పుడు గుర్తుకు వచ్చింది అక్కా. కాళికమ్మే గుర్తుచేసిందనుకో.

"అంతా మీ పేరే సాబ్" అన్నాను. "పై వరుస మీ పేరు. రెండో వరుస మీ ఊరు. కిందిది మీ హోదా."

పర్వతాలు ఆ పక్కనే ఉన్నాడు. వాడికి తెలుగు చదవడం వచ్చు. పలక చూశాడు, నన్ను చూశాడు. మొఖం కూడా మార్చకుండా తెలుగులోనే, "మంచి ఊరు సాబ్. నర్సింగమ్మ అని, మస్తు పేరున్న ఊరు" అన్నాడు. వెనక పదిమంది నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. సాహెబు సంతోషంగా పలకను వేలితో తుడిచాడు.

ఇప్పుడు వర్క్‌షాపులో ఆయనకు అదే పేరు. ఆయన జీపు కనబడితే చాలు, "నర్సింగమ్మ వస్తాంది, బీడీలు ఆర్పుర్రి" అంటారు. ఉన్నమాట చెప్పొద్దూ, నేనూ నవ్వాను.

జాబితాలో నా పేరు ఎక్కించాడు. ఇంజను ఢిల్లీకి పోయిన మరునాడు కాగితం చేతికి ఇస్తానన్నాడు. నీ పేరు ఢిల్లీ పోతుంది. చదవడం వచ్చినవాడు చదువుకుంటాడు. ఇక నీకేం కావాలి? జర నవ్వు అక్కా.

నీ తమ్ముడు
రామచంద్రం

*

మక్తల్,
21-5-1964.

రామచంద్రానికి,

నేను నవ్వుతానని ఎట్లా అనుకున్నావు?

ఇత్తడి నిజం చెప్పింది. నువ్వు అబద్ధం చదివావు. మొదట నాకు, ఇప్పుడు ఆయనకు. నాకు ఇంగ్లీషు రాదు. ఆయనకు తెలుగు రాదు. చదవరానివాళ్లను వెతికి వెతికి మోసం చేయడం మన కొలిమి దగ్గర నేర్చినది కాదు. ఎక్కడ నేర్చావు?

దాన్ని కాళికమ్మ మీద పెట్టకు.

యాభై నాలుగేళ్లు నా పేరు ఈ వీధి దాటలేదు. దాటాలని కోరలేదు. నిజం ఒక్కటే కోరాను. ఇప్పుడు నా పేరు పదిమంది నోళ్లలో ఉంది. బీడీలు ఆర్పడానికి ఉంది. ఒక మనిషిని వెక్కిరించడానికి ఉంది. నా పేరు పలక మీద లేకపోయినా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు. నువ్వూ నవ్వావట.

ఆ పదిమంది ముందరే ఆయనకు సరిగ్గా చదివి వినిపించు. మూడుసార్లు. అప్పటిదాకా ఉత్తరం రాయకు. వస్తే విప్పను.

నీ నౌకరి కోసం అడగడం నిన్నటితో మానేశాను. నీ బాగు కోసం అడుగుతున్నాను. అది వేరు.

నర్సింగమ్మ

*

(కార్డు)

నందికొండ,
3-8-1964.

ఉత్తరం విప్పనన్నావు. అందుకని కార్డు రాస్తున్నాను, దీనికి విప్పే పని లేదు. చదివి వినిపించాను. మూడుసార్లు. వివరం వెనక ఉత్తరంలో వస్తుంది. విప్పు.

రామచంద్రం

*

నందికొండ,
4-8-1964.

అక్కకు,

రెండు నెలలు రాయలేదు. నీ మీద కోపంతో రాయలేదు. ఇప్పుడూ కోపంతోనే రాస్తున్నాను.

మొదట్లో ఆ పేరు విని నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. పొద్దున "నర్సింగమ్మ దిగింది", మధ్యాహ్నం "నర్సింగమ్మకు కోపమొచ్చింది", సాయంత్రం "నర్సింగమ్మ పోయింది". రోజంతా నీ పేరే. మొన్న శనివారం పర్వతాలు ఆ పేరుకు ఒక మాట జోడించాడు. ఆ మాట నీకు రాయలేను. నా చెయ్యి లేచింది. వాడి ముక్కు పగిలింది. "సాబ్‌ను అంటె నీకెందుకు పొడుసుకొచ్చిందిరా?" అని వాడు నెత్తురు తుడుచుకుంటూ అడిగాడు. "అది మా అక్క పేరు" అన్నాను. చేతిలోని పనిముట్లు కింద పెట్టి అందరూ నన్నే చూశారు. వాళ్లకు అప్పటిదాకా తెలియదు. నేనే కదా తెలియనీయలేదు.

సాహెబు ఇంజనుకు పెట్టె చేయించి, లోపల మెత్తటి బట్ట పరిపించాడు. సోమవారం బల్ల దగ్గర నిలబడి తానే పెట్టెలోకి దించబోతుంటే పోయి చెప్పాను. "సాబ్, ఆనాడు పలక తప్పు చదివాను. మళ్లీ చదువుతాను" అన్నాను.

మొదటిసారి నాకు మాత్రమే వినబడేటట్లు చదివాను. రెండోసారి నీ పేరు దగ్గర ఆగిపోయాను. మూడోసారి వర్క్‌షాపు ఆ చివరికి వినబడేటట్లు చదివి, ప్రతి వరుసకూ ఉర్దూలో అర్థం చెప్పాను. ముసలి కంచరాయన ఎవరూ లేడని, పలకలు చేసింది మా అక్క అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

సాహెబు ఇంజను మీది నుంచి చెయ్యి తీశాడు. "అయితే వీళ్లంతా మూడు నెలలుగా..." అని అందరి వంకా చూశాడు. ఒక్కరూ తల ఎత్తలేదు. "నాకు రాని భాషలో నన్ను నవ్వులపాలు చేశావు" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ముందే నిజం చెబితే మీ అక్క పేరు నేనే రాయించేవాణ్ణి. ఇప్పుడు నీ ఇంజను నువ్వే తీసుకుపో" అన్నాడు. రాయించేవాడని నేను నమ్మను. ఇంగ్లీషు చీటీ రాసిచ్చిన చేయి ఆయనదే. కానీ ఆ మాట అనడానికి నాకు నోరు ఎక్కడుంది?

జాబితాలో నా పేరు కొట్టేశాడు. ఈ నెలాఖరు దాకే నా పని.

నీ పంతం నెగ్గింది. ఎనిమిదేళ్ల నౌకరి పోయింది. క్వార్టరు ఖాళీ చేయాలి. శ్యామలమ్మ ఏడవడం లేదు, సామాను సర్దుతూ ఉంది. అది చూడలేకపోతున్నాను. తృప్తిగా ఉందా అక్కా? అడుగుతున్నాను, చెప్పు. తృప్తిగా ఉందా?

ఇంజనును దాని పెట్టెతోనే బస్సులో వేశాను. నా కళ్లెదుట ఉంటే సుత్తితో కొడతానని భయంగా ఉంది.

రామచంద్రం

*

మక్తల్,
20-8-1964.

చిరంజీవి తమ్ముడు రామచంద్రానికి నర్సింగక్క దీవెనలు.

ఉత్తరం విప్పాను. ఇంజను భద్రంగా చేరింది.

అడిగావు కనుక చెబుతున్నాను. తృప్తిగా లేదు. నీ కార్డు చదివి కాళికమ్మకు దండం పెట్టాను. ఉత్తరం చదివి ఏడ్చాను. రెండూ నిజమే.

సాహెబు కోపం న్యాయమైనది. నాకు తగిలిన దెబ్బే ఆయనకూ తగిలింది. ఆ చీటీ రాసిచ్చిన తప్పు ఆయనది. తప్పు చదివినది నువ్వు. నీ మాట మీద, నేర్చుకోకుండా కొట్టినది నేను. ఎవరిది వాళ్లం మోద్దాం. పర్వతాలు ముక్కు పగలగొట్టినందుకు నిన్ను మెచ్చుకోను. ఆ మాట ఏమిటో అడగను.

పెట్టె మూత తీసి ఇంజనును పీట మీద పెట్టాను. ఇన్ని నెలలు దాన్ని పలకలుగానే చూశాను, గడ్డిలో పరిచి పంపాను. నిలబడ్డది చూడడం ఇదే మొదలు. కృష్ణ స్టేషన్‌లో ఆగే ఇంజను ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. నా గీతలు ఏవో, నీ టాంకా ఎక్కడో, నాకే దొరకలేదు. దేవుని అర్ర ముందే పెట్టాను, లోపల పెట్టలేదు. వీధివాళ్లు వచ్చి చూసి పోతున్నారు. మారెమ్మ, "గిది కూత పెడ్తదా?" అని అడిగింది. పెట్టదని చెప్పాను. "మరి ఇంత లొల్లి ఎందుకైంది?" అన్నది.

గుర్వయ్య పంతులు వచ్చి పలక పైకి చదివాడు. మూడు పేర్లూ చదివాడు.

పొగగొట్టం వెనక్కి ఒరిగి ఉంది. ఢిల్లీ పోతే అక్కడ పరువు పోయేది. నేను ముట్టుకోలేదు. కూర్చినది నువ్వు, నువ్వే వచ్చి నిలబెట్టు.

శ్రావణం పెండ్లిళ్లు మొదలయ్యాయి. బిందెలు వరుసకట్టి ఉన్నాయి. నా ఒక్క చేయి చాలడం లేదు. శ్యామలమ్మను తీసుకొని రా. నెలాఖరు దాకా ఆగకు. మీరు ఉండడానికి ముందర అర్ర అలికించి ఉంచాను.

కోపం పోలేదు. పోయినప్పుడు చెబుతాను.

నీ అక్క
నర్సింగమ్మ